సెలవు కోసం సోడా కొట్టాను

రండర్రా, లోపలికి రండి. గుమ్మంలో నిలబడితే గాలి ఆడదు. చాప మీద ఇంకా చోటుంది, ముందుకు జరగండి. ఒరే శీనూ, ఆ కిటికీ దిగరా నాయనా, అది పడితే కొత్తది వేయించేవాడు లేడు.

నిన్న క్లాసులో ఎవరో అడిగారు గుర్తుందా? "మాస్టారూ, ఎండ ముదిరితే చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, ఎందుకండీ?" అని. నీళ్లు వేడెక్కితే వాటిలో కరిగున్న గాలి బయటికి పోతుంది, చేపకి ఊపిరాడదు అని చెప్పాను. అందరూ తలలూపారు. మీరందరూ ఒక్కసారే తలూపారంటే ఒక్కరికీ అర్థం కాలేదని నాకు తెలుసు. తప్పేం లేదు. నాకు మాత్రం ఎప్పుడర్థమైందనుకున్నారు? బీయస్సీలో చదివినప్పుడు కాదు. కువైట్‌లో, ఎర్రటి ఎండలో, మూసిన కారులో కూర్చుని మొహం నిండా సోడా కొట్టుకున్నప్పుడు అర్థమైంది!

నవ్వండి, నవ్వండి. ఆ రోజు మాత్రం నవ్వినవాళ్లెవరూ లేరు.

నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడితే కువైట్ వెళ్లానని మీకు తెలుసుగా. అక్కడ రుమైథియా అనే పేటలో ఒకరింట్లో డ్రైవరు పని. సుద్దముక్క పట్టిన చేత్తో స్టీరింగు పట్టాను. చెయ్యి అలవాటు పడింది గానీ నోరు పడలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క సీటుకి పాఠం చెప్పేసేవాణ్ణి.

ఆ ఇంటి యజమానురాలిని అందరం మామా అనేవాళ్లం. అక్కడ పనివాళ్లంతా అమ్మగారిని అలాగే పిలుస్తారు. మంచి మనిషే, కానీ గట్టి మనిషి. వంటింట్లో రమణమ్మక్క. రాయచోటి దగ్గర పల్లె. నేను పంతుల్నని తెలిసిన రోజు నుంచీ నాకు "అయ్యోరు" అనే పేరు ఖాయం చేసేసింది. ఇక మామా కూతురు నూరా. ఫార్మసీ చదువుతోంది. మందులెలా తయారుచేస్తారో నేర్పే చదువన్నమాట. ఆ పిల్ల ఒక పేపరు అప్పటికే ఒకసారి తప్పింది. రెండోసారి కూడా తప్పితే ఎండాకాలమంతా మళ్లీ క్లాసులే.

ఎండాకాలమంతా క్లాసులుంటే దింపేదెవరు? నేను. ఇప్పుడు తెలిసిందా నా బాధ!

నేను ఊరొదిలి అప్పటికి రెండున్నరేళ్లు. నేను వెళ్లిన నాలుగు నెలలకి మా చిన్నది పుట్టింది. అదిగో, ఆ మూల కూర్చుని పెన్సిలు కొరుకుతోందే, అదే. ఏయ్, సిగ్గెందుకే, తలెత్తు. దీన్ని నేను కళ్లతో చూడలేదు. ఫోన్ కార్డు గీకి నెంబరు కొడితే అవతల "అలో" అనేది. అంతే. ఎన్నిసార్లు చేసినా "అలో". ఇంకో మాట రాదు. ఆ ఒక్క మాట వింటూ నేను రోజులు లెక్కపెట్టేవాణ్ణి.

మామాని సెలవడిగితే ఒకటే జవాబు. "సత్యం, నూరా పాస్, నీకు ఇజాజా. నూరా ఫెయిల్, ఇజాజా ఖలాస్!" ఇజాజా అంటే సెలవు. ఖలాస్ అంటే మీకు తెలుసు.

అంటే చూడండి, పరీక్ష ఆవిడది, గుండెదడ నాది. నిలబడితే కూర్చోబుద్ధి కాదు, కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది. నేనే ఓ రోజు ధైర్యం చేసి, "మేడమ్, ఏ పాఠం కష్టంగా ఉంది?" అన్నాను. నూరా పుస్తకం నా మీదికి విసిరినంత పని చేసి చూపించింది. ద్రవాల్లో వాయువులు, ద్రవాలు ఎలా కరుగుతాయి! నా కళ్లు చెమర్చాయర్రా. సొంతూరి బస్సు కనబడినట్టయింది.

ద్రవంలో ద్రవం సంగతి వంటింట్లోనే తేలిపోయింది. గ్లాసు నీళ్లలో వెనిగరు పోశాను, కలిసిపోయింది. ఇంకో గ్లాసులో నూనె పోశాను, పైకి తేలింది. నూరా రాసుకుంటోంది. పక్కన ఉల్లిపాయలు కోస్తున్న రమణమ్మక్క కత్తి ఆపి మరీ చూసింది.

"నీళ్లల్లో నూనె కలవదని సెప్పేదానికి ఇంత లావు పుస్తకమా అయ్యోరా? మా అవ్వనడిగినా సెప్తాది."

"ఎందుకు కలవదో మీ అవ్వ చెబుతుందా అక్కా?"

"ఎందుకైతే ఏం? కలవలేదు, తీసి కూరలో పొయ్యి. మంచి నూనె."

ఆ భాగం అలా గట్టెక్కింది. వాయువుల దగ్గరే వచ్చింది చిక్కు. గాలి కంటికి కనబడదాయె! ఒత్తిడి పెంచితే వాయువు ఎక్కువ కరుగుతుంది, వేడి పెరిగితే తక్కువ కరుగుతుంది, ఉప్పు వేస్తే కరిగింది కూడా బయటికొస్తుంది. మూడు ముక్కలు. వారం రోజులు చెప్పాను. కారు ఎక్కేటప్పుడు చెప్పాను, దిగేటప్పుడు చెప్పాను. పొద్దున్న అప్పజెప్పేది, సాయంత్రానికి తారుమారు చేసేది. "వేడి పెరిగితే ఎక్కువ కరుగుతుంది, చక్కెరలాగ" అనేది. "చక్కెర వేరు మేడమ్, గాలి వేరు!" అని నేను నెత్తి కొట్టుకునేవాణ్ణి. మీ దగ్గర ఎప్పుడైనా కొట్టుకున్నానా? అంతా అక్కడే కొట్టేసుకుని వచ్చాను.

పరీక్ష రోజు వచ్చింది. పన్నెండింటికి వైవా. అంటే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఏడాదంతా చేతితో రాసిన రికార్డు పుస్తకం కూడా అప్పుడే చూపించాలి. నూరా దాన్ని ఇంకు పెన్నుతో, ఆకుపచ్చ శీర్షికలు పెట్టి, ముత్యాల్లా రాసుకుంది.

పొద్దున్నే మామా కేకేసింది. సాయంత్రం ఇంటికి చుట్టాలొస్తున్నారు, అల్ రాయ్‌లో గోదాము నుంచి నాలుగు పెట్టెల సోడా పట్టుకురా, యల్లా, అంటే తొందరగా! అల్ రాయ్ అంటే అన్నీ గోదాములూ వర్క్‌షాపులూ. చెట్టూ చేమా ఉండదు. నేను లైన్లో నిలబడి వాచీ చూసుకుంటున్నాను. ఎనిమిదిన్నర. తొమ్మిది. సోడా పెట్టెలు డిక్కీలో పెట్టాక కాగితం మీద సంతకం పెట్టాల్సినవాడు టీకి పోయాడు. కారు ఎండలో ఉంది, నేను నీడలో ఉన్నాను, ప్రాణం మాత్రం కాలుతోంది. తొమ్మిదిన్నర. పదీ పది! సంతకం పడింది. అక్కణ్ణించి స్పీడ్ బ్రేకర్లున్న చోటల్లా బండి ఎగిరెగిరి పడుతూ ఇల్లు చేరింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, గంటకు పైగా ఎండ, పైన కుదుపులు.

పెట్టెలు దింపే టైము కూడా లేదు. నూరా అప్పటికే గేటు దగ్గర నిలబడి గోళ్లు కొరుకుతోంది. రమణమ్మక్క పరుగున వచ్చి నా చేతిలో ఎప్పటిలాగే ఉప్పు పొట్లం పెట్టింది.

"నిమ్మకాయ అయిపోయినాది. వట్టి ఉప్పే. నీళ్లల్లో ఏసుకోని తాగు, ఎండకు కండ్లు తిరిగి పడ్తావు. సెప్తే యినవు నువ్వు."

పదకొండుంబావుకి కాలేజీ పార్కింగులో ఉన్నాం. ముప్పావు గంట ఉంది. "మేడమ్, ఆఖరిసారి. వేడి పెరిగితే వాయువు...?"

"ఎక్కువ కరుగుతుంది."

అయిపోయాను అనుకున్నాను. చెవిలో "అలో" అని వినిపించింది. ఇంకో ఎండాకాలం. అది పరుగులెత్తడం, మాటలు పేర్చడం అన్నీ ఫోన్‌లోనే! అప్పుడు డిక్కీ గుర్తొచ్చింది. పాఠానికి బోధనోపకరణం వెనకే ఉంది కదా! నాలుగు పెట్టెల బోధనోపకరణం.

కిందికి దిగి, మేడమ్‌నీ దిగమని, డిక్కీలోంచి ఒక సీసా తీశాను. పట్టుకుంటే పొయ్యి మీద గిన్నెలా ఉంది. తాళాలగుత్తికున్న ఓపెనర్‌తో, చెయ్యి దూరంగా చాపి, రేకు మూత కొట్టాను. బుస్సుమని పొంగి నేల మీద పడింది. "చూశారా మేడమ్! మూత ఉన్నప్పుడు ఒత్తిడి, గ్యాస్ కరిగి ఉంది. మూత పోయింది, ఒత్తిడి పోయింది, గ్యాస్ బయటికి!" నూరా మొట్టమొదటిసారి పుస్తకం వైపు కాకుండా నా వైపు చూసింది. మాస్టారికి అంతకంటే ఏం కావాలర్రా! అక్కడితో ఆగాల్సింది. ఆగితే ఇప్పుడు మీకు చెప్పడానికేముంది!

"మరి ఉప్పు?" అంది నూరా. "ఉప్పు వేస్తే గ్యాస్ బయటికి రావడం నేను నమ్మను."

"నమ్మరా!" అన్నాను. మన కాకినాడలో, రాజమండ్రిలో సోడా బండి దగ్గర పెరిగినవాడితోనా ఆ మాట! ఉప్పు చిటికెడు వేస్తే సోడా ఎలా లేస్తుందో నా చిన్నప్పుడే చూశాను. రెండో సీసా తీశాను. పార్కింగు కాపలాదారు మొదటి సీసా తడి చూసి అప్పటికే మా వైపు నడిచొస్తున్నాడు. వాడికెందుకు అనుమానమని, మేడమ్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టి, సీసాతో సహా కారెక్కి తలుపు వేసేశాను. పిల్లలూ, తలుపు వేసేశాను!

ఈసారి మూత మెల్లగా, గాలి కొంచెం కొంచెం వదులుతూ తీశాను. బుద్ధిగా ఉంది. నాకు గర్వం వచ్చింది. చిటికెడు వెయ్యాలి. రమణమ్మక్క పొట్లం కట్టిందంటే పెళ్లికి కట్టినట్టు కడుతుంది. ముడి విప్పుతుంటే రాలేదు. వాచీ చూస్తే పదకొండున్నర. చించాను. పొట్లమంతా ఒక్కసారే సీసాలో పడింది.

ఒక్క క్షణం ఏం కాలేదు. ఆ తర్వాత, అబ్బో!

ఇక్కడే నా చదువు పనిచేసింది. అడ్డమైనవాడైతే సీసాని బయటికి విసిరేసేవాడు. నేను బీయస్సీ కదా! ఒత్తిడి పెంచితే వాయువు మళ్లీ కరుగుతుందని సూత్రం. సూత్రప్రకారం బొటనవేలితో మూతి గట్టిగా నొక్కాను. సూత్రం తప్పు కాదు. బొటనవేలు చిన్నది.

మీరు తోటకి నీళ్లు పెట్టేటప్పుడు గొట్టం మూతికి వేలడ్డం పెడితే ఏమవుతుంది? అదే. కారు కప్పుకి కొట్టింది, అద్దానికి కొట్టింది, నా మొహాన కొట్టింది. నూరా తెల్ల కోటు తడిసింది. ఎటు తిప్పినా ఎవరో ఒకరి మీదే. తిప్పి తిప్పి ఆఖరికి వెనక సీటు వైపు తిప్పాను. వెనక సీట్లో రికార్డు తెరిచి ఉంది.

సోడా అయిపోయింది. రికార్డు లోంచి ఆకుపచ్చ నీళ్లు కారుతున్నాయి.

నూరా ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అరిచింది! "వేడి! ఎండలో పెట్టావు, వేడెక్కింది! మూత తీశావు, ఒత్తిడి పోయింది! దాంట్లో మళ్లీ ఉప్పు వేశావు! గ్యాసంతా బయటికి రాకేమవుతుంది? ఇడియట్!"

మూడు ముక్కలూ! వరసగా! ఒక్క తప్పు లేకుండా!

"అంతే మేడమ్! అదే జవాబు!" అన్నాను, గడ్డం లోంచి సోడా కారుతుంటే. "లోపల కూడా ఇలాగే చెప్పండి. చివరి మాట ఒక్కటి తీసేయండి."

ఇక రికార్డు. ఎండ ఉంది కదా, అక్కడ కొదవలేనిది అదొక్కటే. కారు బానెట్ మీద, మనం అప్పడాలు ఆరబెట్టినట్టు, కాగితం కాగితం విడదీసి పరిచాం. నేనో మూల, ఆవిడో మూల పట్టుకున్నాం. కాపలాదారు వచ్చి ఏం జరుగుతోందని అడగబోయి, నా మొహం చూసి, వాడే ఇంకో మూల పట్టుకున్నాడు. పది నిమిషాల్లో కరకరలాడుతూ ఆరాయి. అంచులన్నీ ముడుచుకుపోయి, మధ్యలో ఆకుపచ్చ చెరువులు, మీద తెల్లగా ఉప్పు. చూడ్డానికి బొమ్మలు మాత్రం మిగిలాయి, అవి పెన్సిలుతో వేసింది కాబట్టి.

నూరా లోపలికి వెళ్లింది. నేను కారు తుడిచాను. తుడిచిందే తుడిచాను. కారు చుట్టూ తిరిగాను. ఇటు ఇరవై, అటు ఇరవై. ఒంటిగంట. లోపలికి వెళ్లినవాళ్లంతా వస్తున్నారు, ఈ పిల్ల రాదు. ఫెయిలని చెప్పడానికి ఇంతసేపు పట్టదు కదా అనుకున్నాను. పాసని చెప్పడానికి మాత్రం ఇంతసేపెందుకు అని మళ్లీ దిగులు.

వచ్చింది. నవ్వుతోంది! ప్రశ్నలడిగే మేడమ్ రికార్డు పట్టుకుని, "ఇదేమిటి, నీళ్లలో పడేశావా?" అందట. ఈ పిల్ల జరిగిందంతా చెప్పిందట. వేడి, ఒత్తిడి, ఉప్పు, బొటనవేలు. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, "మరి ఇలాంటి సీసా వేడి దేశంలో ఎలా తెరవాలి?" అని అడిగిందట. "ముందు ఐసులో పెట్టి చల్లబరచాలి, మూతి మీద గుడ్డ కప్పి తెరవాలి, మా డ్రైవరు చేతికి ఇవ్వకూడదు" అందట నూరా. పాస్!

ఇల్లు చేరేదాకా నేను బండి తోలలేదు, ఎగిరాను. సరాసరి మామా ముందుకెళ్లి నిలబడ్డాను. మామా నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"సత్యం! నువ్వు డ్రైవర్ కాదు, టీచర్!"

"అవును మామా. ఇజాజా మామా."

"ఇస్తా, ఇస్తా. మా చెల్లెలి కూతుళ్లు ఇద్దరున్నారు. వాళ్లకీ వచ్చే నెల అదే పరీక్ష. వాళ్లకి నేర్పు, తర్వాత ఇజాజా."

ఫెయిలైతే సెలవు లేదు, పాసైతే సెలవు లేదు! ఏం పాఠంరా ఇది!

ఇప్పుడు చెప్పేది మీరు నేర్చుకోకూడదు. నాకు చెడ్డ బుద్ధి పుట్టింది. మామా హాల్లో తెల్లటి తివాచీ ఉంది. ఆ పిల్లలిద్దరికీ పాఠం చెబుతూ, దాని మీద ఒక్క సీసా పొంగిస్తే చాలు. "నువ్వూ వద్దు, నీ పాఠమూ వద్దు, ఊరికి పో" అంటుంది. ఎలా పొంగించాలో నాకిప్పుడు బాగా తెలుసు! పాఠం రోజు పొద్దున్నుంచీ నా గది వెనక ఎండలో ఒక సీసా పెట్టాను. మధ్యమధ్య వెళ్లి ఊపాను కూడా.

సాయంత్రం అందరూ కూర్చున్నారు. మామా, వాళ్ల చెల్లెలు, ఇద్దరు పిల్లలు, నూరా. "అక్కా, సీసా!" అని కేకేశాను. రమణమ్మక్క పళ్లెంలో పెట్టి తెచ్చింది. మంచు పట్టి తెల్లగా ఉంది. మూతి మీద మడత పెట్టిన గుడ్డ!

"ఎండలో మర్సిపోయినావు అయ్యోరా. నేను సూసి ఐసుపెట్టెలో పెట్టినా. నూరమ్మ గుడ్డ గూడా కప్పమన్నాది" అంది, మెచ్చుకోమన్నట్టు.

మూత తీశాను. సీసా ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డ కుర్రాడిలా చడీచప్పుడు లేదు. ఉప్పు వేశాను. మెడ దాకా లేచి, మర్యాదగా దిగిపోయింది. తివాచీ మీద ఒక్క చుక్క పడలేదు. వద్దన్న రోజు అలా, కావాలన్న రోజు ఇలా! అందరూ చప్పట్లు కొట్టారు. మామా చెల్లెలు, "మా పక్కింటి పిల్లాడు కూడా..." అని మొదలుపెట్టింది.

అలాగే సీసా పట్టుకుని కూలబడ్డాను.

మామా దగ్గరికొచ్చింది. "సత్యం, ఏమైంది? పాఠం చెప్పడం ఇష్టం లేదా?"

"ఇష్టమే మామా. మా పాప... నేను ఇక్కడికొచ్చాక పుట్టింది. రెండేళ్లు దాటాయి. ఒక్కసారి కూడా చూడలేదు."

మామా నా ఎదురుగా తివాచీ మీదే కూర్చుంది. "నువ్వు సెలవంటే, ఊరికే ఇంటి దగ్గర పడుకోవడానికనుకున్నాను. పాప సంగతి ఇన్నాళ్లూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు మామా."

"నేను అడగాలా? నువ్వు టీచర్‌వి కదా! సోడా గురించి అంతసేపు చెప్పావు!"

ఆ సాయంత్రమే అల్మారా తెరిచి, తన దగ్గరే దాచుకున్న నా పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టింది. చెల్లెలి కూతుళ్లు మొహాలు వేలాడేస్తే, "పుస్తకం చదవండి, యల్లా!" అని కసిరింది. నూరా మా పాపకి గౌను కొనిపెట్టింది. గేటు దాకా వచ్చిన రమణమ్మక్క నా సంచి పైకెత్తి ఇస్తూ అంది.

"సీసాలు పేల్సినావు, కారు తడిపినావు, ఆ పిల్ల పుస్తకం అప్పడం జేసినావు. ఈ ఒక్క మాట ముందే సెప్పింటే పొయ్యేది గదా అయ్యోరా! నీకంటే ఆ సోడా నయం, కడుపులో ఉండేది బయటికన్నా కక్కతాది."

ఏం చెప్పను! లోకంలో అందరికీ అన్నీ విడమరిచి చెప్పేవాణ్ణి, నా సంగతి ఒక్క వాక్యంలో చెప్పుకోలేకపోయాను. దానికి బీయస్సీ కూడా అక్కర్లేదు.

సరే, లేవండి. అన్నాల వేళయింది. ఇళ్లకెళ్లి అమ్మ చూసి పెడుతుందిలే అని గుమ్మంలో నిలబడి వేళ్లు నలుపుకోకండి. "ఆకలేస్తోందమ్మా, అన్నం పెట్టు" అని నోరు తెరిచి అడగండి. పదండి, పదండి.